శుభలేఖ మీద స్వస్తిక్, వియ్యంకుల మౌనం

ప్రశ్న: మాది తెనాలి. మా ఒక్కగానొక్క అబ్బాయి న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నాడు. తనతో పనిచేసే యూదుల అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానన్నాడు. మొదట్లో నేనూ మావారూ బాగా బాధపడ్డాం. తర్వాత ఆ పిల్ల వచ్చి మా ఇంట్లో వారం రోజులు ఉంది. నెమ్మదస్తురాలు, పెద్దవాళ్ళంటే గౌరవం. ఒప్పుకున్నాం. సిద్ధాంతిగారి చేత శనివారం పొద్దున ముహూర్తం పెట్టించి, శుభలేఖ నమూనా వాట్సాప్‌లో వాళ్ళకి పంపాం. పైన వినాయకుడు, రెండు పక్కలా ఎర్రటి స్వస్తిక్ గుర్తులు. అది చూసిన దగ్గర్నుంచి అమ్మాయి తండ్రి మాతో మాట్లాడటం మానేశారు. పది రోజులైంది. మావాడు ఫోన్ చేసి, "అమ్మా, ఆ గుర్తు తీయించు, ముహూర్తం కూడా మార్చాలి" అన్నాడు. ఎవడో హిట్లర్ చేసిన పాపానికి మన దేవుడి గుర్తుని మనం చెరిపేసుకోవాలా? పైగా పెళ్ళిలో వరుడి చేత గాజుగ్లాసు పగలగొట్టిస్తారట. శుభమా అని పెళ్ళి చేసుకుంటూ ఈ అపశకునం ఏమిటి? మావాణ్ణి వాళ్ళ మతంలో కలిపేసుకుంటారా? రేపు పుట్టే పిల్లలకి మా గోత్రం ఉంటుందా? టెన్షన్‌తో రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
ఒక తల్లి, తెనాలి

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నా మాట ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత చెబుతాను. శుభలేఖ మీద స్వస్తిక్ తీయించండి. ముహూర్తం మార్పించండి. అయితే అంతకంటే ముందు అమ్మాయి తండ్రితో మీరు స్వయంగా మాట్లాడండి. ఆ గుర్తు మనకేమిటో ఆయనకి చెప్పండి. ఆ మాటలు జరక్కుండా గుర్తు ఒక్కటే తీసేస్తే అది మీ మనసులో ముల్లులా ఉండిపోతుంది. కోడలి మీద ఎప్పుడు కోపం వచ్చినా అదే గుర్తొస్తుంది.

నేను ఇరవయ్యేళ్ళు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్నాను. 2003లో ఇల్లు కొనుక్కుని గృహప్రవేశం చేసుకున్నప్పుడు వీధి తలుపుకి పసుపు రాసి, కుంకుమతో ఇంత పెద్ద స్వస్తిక్ వేశాను. ఎదురింట్లో డెబ్భై దాటిన పెద్దావిడ ఒకరు ఉండేవారు. కొత్తగా వచ్చామని కేకు చేసి తీసుకొచ్చారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. మెట్ల దాకా వచ్చి ఆగిపోయారు. కేకు చేత్తో పట్టుకుని కాసేపు అలాగే నిలబడి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. మా పోపు వాసన పడలేదేమో అనుకున్నాను. వారం తర్వాత పక్కింటివాళ్ళు చెబితే తెలిసింది, ఆవిడ యూదురాలని, పోలండ్‌లో పుట్టారని.

మర్నాడు నా పెళ్ళి ఆల్బమ్ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పీటల మీద, కలశం మీద, మా అమ్మ వేసిన ముగ్గులో ఆ గుర్తు ఎక్కడెక్కడ ఉందో చూపించాను. స్వస్తి అంటే క్షేమంగా ఉండమని దీవించడం అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ ప్రతి ఫోటో ఓపిగ్గా చూశారు. తర్వాత లోపలికెళ్ళి తన దగ్గరున్న ఒకే ఒక్క పాత ఫోటో తెచ్చారు. అందులో పదకొండు మంది ఉన్నారు. యుద్ధం అయ్యాక వాళ్ళలో మిగిలింది ఆవిడా, ఆవిడ చిన్నాన్నా. "మీకది దేవుడని ఇప్పుడు నాకు తెలుసు. నా కాళ్ళకి తెలియదు. మెట్లు ఎక్కవు" అన్నారు.

ఆ సాయంత్రం తలుపు మీద గుర్తుని తడిబట్టతో తుడిచి, దేవుడి గది గడప మీద మళ్ళీ వేసుకున్నాను. వీధి గుమ్మానికి తోరణం కట్టాను. ఆవిడ పోయేదాకా పన్నెండేళ్ళు మా ఇంటికి వస్తూపోతూ ఉన్నారు. కొన్నాళ్ళకి దేవుడి గది ముందు కూర్చుని నేను దీపం పెడుతుంటే చూసేవారు కూడా. మనం గడపకి పసుపు రాసినట్టే వాళ్ళు గుమ్మానికి కుడివైపు మెజుజా అని ఒక చిన్న గొట్టం బిగిస్తారు, లోపల చర్మపత్రం మీద వాళ్ళ వేదవాక్యాలు రాసి ఉంటాయి. ఆ సంగతి నాకు చెప్పింది ఆవిడే.

ఇప్పుడు మీ శుభలేఖ ఆయన ఫోన్‌లో ఎలా కనిపించి ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. నాజీలు 1920లో దాన్ని తమ పార్టీ గుర్తుగా పెట్టుకున్నారు. 1935లో జర్మనీ జాతీయ జెండాయే అదైంది. ఎర్రటి గుడ్డ, మధ్యలో తెల్లటి గుండ్రం, అందులో పక్కకి వంచిన నల్లటి గుర్తు. వాళ్ళ భాషలో దాని పేరు హాకెన్‌క్రొయిట్స్, అంటే కొక్కేల శిలువ. ఆ జెండా కింద 60 లక్షల మంది యూదుల్ని చంపారు. అందులో పిల్లలే దాదాపు 15 లక్షలు. అది పాత కథగా ఆగిపోయినా కొంత నయం. ఇప్పటికీ అమెరికాలో యూదుల మీద కసి ఉన్నవాళ్ళు రాత్రిపూట వచ్చి సినగాగు గోడ మీదో, సమాధుల మీదో గీసి వెళ్ళేది ఆ గుర్తునే. సినగాగు అంటే వాళ్ళ ప్రార్థనా మందిరం. బళ్ళో పిల్లవాడి డెస్క్ మీద తోటిపిల్లలు గీసేదీ అదే. ఆయన మీ మీద కోపంతో మాట్లాడటం లేదని నాకనిపిస్తోంది. ఏం మాట్లాడాలో తెలియక ఆగిపోయి ఉంటారు, మా ఎదురింటావిడ మెట్ల దగ్గర ఆగిపోయినట్టు.

మీ ప్రశ్నలో న్యాయం ఉంది. మన గుర్తుని మనం చెరిపేసుకోవాలా అన్నారు. అక్కర్లేదు. ఈ మాట యూదుల మతపెద్దలే అన్నారు. 2007లో ఢిల్లీలో, 2008లో జెరూసలేంలో హిందూ ఆచార్యులూ ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీలూ కలిసి కూర్చున్నారు. రబ్బీ అంటే వాళ్ళ మతగురువు. స్వస్తిక్ హిందువులకి వేల ఏళ్ళ నుంచి పవిత్రమైనదని, నాజీలు దాన్ని వక్రంగా వాడుకున్నారని జెరూసలేంలో కలిసి ప్రకటించారు. కాలిఫోర్నియాలో 2022లో చేసిన చట్టం కూడా నాజీ గుర్తుని వేరే పేరుతో విడిగా చెప్పింది, హిందువుల, బౌద్ధుల, జైనుల స్వస్తిక్ ఆ నేరం కిందికి రాకుండా. కాబట్టి మీ పూజగదిలోంచి, మీ పెళ్ళిపీటల మీంచి దాన్ని తీసేయమని ఎవరూ అడగడం లేదు. మీ తెనాలి ఇంట్లో అబ్బాయిని పెళ్ళికొడుకుని చేసేటప్పుడు నిశ్చింతగా వేసుకోండి. శుభలేఖ సంగతి వేరు. అది వాళ్ళ పెద్దమ్మల ఇళ్ళకి, ముసలి మేనమామల ఇళ్ళకి వెళుతుంది. అందులో ఒకరికి ఆ గుర్తు చూడగానే ఊపిరి ఆడకపోతే, మనం పిలిచింది దేనికి? వినాయకుడు, పూర్ణకలశం, మామిడి తోరణం చాలు. మనవాళ్ళకి ఒకటి, వాళ్ళకి ఒకటి అని రెండు రకాల కార్డులు మాత్రం అచ్చు వేయించకండి. అది ఏదో ఒకరోజు బయటపడుతుంది, అప్పుడు ఇంకా నొచ్చుకుంటారు. పెళ్ళి హాల్లో మండపం మీద, బియ్యంలో, కొబ్బరిబోండాం మీద ఏం వేస్తారో పురోహితుడితో ముందే మాట్లాడి, ఓంకారమో శ్రీకారమో వేయమనండి. అమెరికాలో ఉండే పురోహితులకి ఇది కొత్త కాదు.

ఫోన్‌లో ఆయనతో ఏమనాలి అంటారా? పెద్ద ఉపన్యాసం వద్దు. అబ్బాయిని పక్కన పెట్టుకుని తెలుగులోనే మాట్లాడండి, వాడు అనువాదం చేస్తాడు. "అన్నయ్యగారూ, మా ఇళ్ళలో ఏ శుభకార్యం జరిగినా ఆ గుర్తు వేస్తాం. అది మీకు ఇంత బాధ తెస్తుందని మాకు తోచలేదు. కార్డు మారుస్తున్నాం. మీ ఇంట్లో ఎవరెవరు పోయారో మాకు చెప్పండి" అనండి. ఆ చివరి మాట తప్పకుండా అడగండి. చాలామంది యూదు కుటుంబాల్లో ఆ పేర్లు పిల్లలకి అప్పగించడం ఒక బాధ్యత. మీరు వినడానికి సిద్ధంగా ఉన్నారని తెలిస్తే ఆయన మౌనం తప్పకుండా కరుగుతుంది.

అక్కడికి వెళ్ళాక ఇంకొకటి చూసి కంగారు పడొద్దు. పెళ్ళికి ముందు వారంలో మిమ్మల్ని సినగాగుకి తీసుకెళ్ళవచ్చు. గేటు దగ్గర గార్డు, సంచుల తనిఖీ, కొన్నిచోట్ల పోలీసు కారు. మన గుడికి వెళ్ళినట్టు చెప్పులు విడిచి లోపలికి నడిచి వెళ్ళిపోయే అలవాటున్నవాళ్ళకి అది కష్టంగా ఉంటుంది. 2018 అక్టోబరు 27న, శనివారం పొద్దున, పిట్స్‌బర్గ్‌లో ప్రార్థనకి వచ్చిన 11 మందిని ఒకడు కాల్చి చంపాడు. మన ముంబైలో 2008 నవంబరు దాడుల్లో నారీమన్ హౌస్ అనే యూదుల కేంద్రంలో రబ్బీని, ఆయన గర్భవతి భార్యని చంపారు. 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్‌లో జరిగిన దాడి, ఆ తర్వాతి గాజా యుద్ధం వల్ల అమెరికా యూదుల ఇళ్ళల్లో భయమూ ఉంది, తమలో తమకి వాదనలూ ఉన్నాయి. తండ్రి ఒక మాట, కూతురు ఒక మాట అనుకుని భోజనం దగ్గర లేచిపోయిన ఇళ్ళు నేనెరుగుదును. మీ ముందు ఆ మాటలు వస్తే వినండి. ఎవరి పక్షమూ వెంటనే తీసుకోకండి.

ఇక శనివారం. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా వాళ్ళకి షబ్బాత్, విశ్రాంతి దినం. ఆ సమయంలో యూదుల పెళ్ళి చేయరు. ఎంత సడలింపుగా ఉండే రబ్బీ అయినా సాధారణంగా ఒప్పుకోరు. ఇది మీ ముహూర్తాన్ని కాదనడం అనుకోకండి. మనం ఆషాఢంలో పెళ్ళి చేస్తామా? వాళ్ళకీ అలాంటి రోజులున్నాయి. తమ్మూజ్ నెల 17 నుంచి ఆవ్ నెల 9 దాకా మూడు వారాలు, జెరూసలేం ఆలయాలు కూలిన దుఃఖంతో పెళ్ళిళ్ళు పెట్టుకోరు. అది తరచూ మన ఆషాఢంతో కొంత కలుస్తుంది కూడా, ఎందుకంటే వాళ్ళ పంచాంగమూ మన పంచాంగమూ ఒకే తీరువి. చంద్రుణ్ణి బట్టి నెలలు, సూర్యుడితో సరిపెట్టడానికి అధికమాసం. 19 ఏళ్ళలో వాళ్ళకి 7 అధికమాసాలు. మీ సిద్ధాంతిగారికి ఈ సంగతి చెప్పండి, ఆయనకి ఇష్టంగా ఉంటుంది. వసంతంలో వాళ్ళ పాస్ఓవర్ పండుగ తర్వాత కొన్ని వారాలు కూడా చాలామంది పెళ్ళిళ్ళు మానేస్తారు, అదీ కనుక్కోండి. మంగళవారం దగ్గర మాత్రం మనకీ వాళ్ళకీ కుదరదు. సృష్టి కథలో మూడో రోజున దేవుడు "బాగుంది" అని రెండుసార్లు అన్నాడని వాళ్ళకి అది మరీ మంచిరోజు. మనకేమో మంగళవారం పనికిరాదు. ఆదివారం ముహూర్తం పెట్టమని సిద్ధాంతిగారిని అడగండి. ఇద్దరికీ సరిపోతుంది, హాళ్ళూ దొరుకుతాయి.

గాజుగ్లాసు గురించి భయపడకండి. ఎంత సంతోషంలోనైనా ఆ కూలిపోయిన ఆలయాన్ని మరిచిపోకూడదని, ఆనందం నిండుగా ఉన్న క్షణంలో ఒక వస్తువు పగలగొడతారు. గుడ్డలో చుట్టి ఉంటుంది, ముక్కలు చెదరవు. వరుడు కాలితో తొక్కగానే అందరూ "మజల్ తోవ్" అని అరుస్తారు, శుభం కలగాలని. దిష్టికి గుమ్మడికాయ పగలగొట్టినప్పుడు మనం అపశకునం అనుకోం కదా. వాళ్ళ హుప్పా చూస్తే మీకు మన పందిరే గుర్తొస్తుంది: నాలుగు కర్రలు, పైన ఒక గుడ్డ, కింద ఇద్దరూ. ఏడు దీవెనలు చదువుతారు, కొందరిళ్ళలో వధువు వరుడి చుట్టూ ఏడుసార్లు తిరుగుతుంది. మన సప్తపది పక్కనే అది కూర్చుంటుంది.

వాళ్ళ కుటుంబ రబ్బీ పెళ్ళి చేయనంటే అవమానంగా తీసుకోవద్దు. యూదుల్లో శాఖలున్నాయి. ఆర్థడాక్స్, కన్సర్వేటివ్ రబ్బీలు వేరే మతంవారితో పెళ్ళి జరిపించరు, వాళ్ళ నియమం అది. రిఫార్మ్ శాఖలో ఎవరి నిర్ణయం వాళ్ళది, చాలామంది చేస్తారు. అందులోనూ కొందరు పురోహితుడితో కలిసి ఒకే మండపంలో చేయరు. అప్పుడు పొద్దున మన పద్ధతిలో, సాయంత్రం వాళ్ళ పద్ధతిలో రెండు పెళ్ళిళ్ళు చేస్తారు. నాకు ఆ ఏర్పాటే నచ్చుతుంది. రెండూ కలిపి గంటలో ముగించే పెళ్ళిలో ఏ మంత్రమూ ఎవరికీ వినపడదు.

భోజనాలు పెద్ద చిక్కు కాదు. పంది మాంసం, రొయ్యలు, పీతలు ఉండకూడదు, మాంసంతో పాలు పెరుగు కలవకూడదు. శాకాహారం పెట్టించండి, చాలావరకు తేలిపోతుంది. ఈ ఆహార నియమాల్ని, అంటే కోషర్‌ని, గట్టిగా పాటించే బంధువులుంటే వాళ్ళకి విడిగా తెప్పించాలి, అది ఆడపెళ్ళివారు చూసుకుంటారు.

మతం మార్చేస్తారా అన్నారు. యూదులు మతప్రచారం చేయరు. ఎవరైనా తనంతట తాను చేరతానని వస్తే రబ్బీ మూడుసార్లు వెనక్కి పంపాలని వాళ్ళ పాత ఆనవాయితీ. పెళ్ళి కోసం కొంతమంది అబ్బాయిలు మారతారు, అది నిజమే. మీ అబ్బాయి ఉద్దేశం ఏమిటో మీరే అడగండి, ఊహించుకుని కుమిలిపోవద్దు.

పిల్లల ప్రశ్న అన్నిటికంటే పెద్దది. మనకి గోత్రం తండ్రి నుంచి వస్తుంది. వాళ్ళ ధర్మశాస్త్రంలో యూదుత్వం తల్లి నుంచి వస్తుంది. మీ ఇంట్లో పుట్టే బిడ్డకి ఈ రెండు నియమాలూ ఒకదానికొకటి అడ్డు రావు. మీ లెక్కలో ఆ బిడ్డది మీ గోత్రం, వాళ్ళ లెక్కలో ఆ బిడ్డ యూదు. మీకు అమ్మాయి ఉండి, యూదుల ఇంటికి కోడలిగా వెళ్ళి ఉంటే ఇంత సులువయ్యేది కాదు. అయితే పెంపకంలో నిర్ణయాలు వస్తాయి. మగపిల్లాడైతే ఎనిమిదో రోజు సున్తీ అడుగుతారు. అప్పటికి మన పురుడు కూడా తీరదు. ఆ రోజు ఆసుపత్రి నుంచి వచ్చిన అలసటలో గొడవ పడేకన్నా, పెళ్ళికి ముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోమని మీ అబ్బాయికి చెప్పండి. చెప్పి, నిర్ణయం వాళ్ళకి వదిలేయండి. పేరు పెట్టేటప్పుడు ఒక చిన్న సంగతి: తూర్పు యూరప్ నుంచి వచ్చిన యూదులు బతికి ఉన్నవాళ్ళ పేరు పిల్లలకి పెట్టరు, పోయినవాళ్ళ పేర్లే పెడతారు. పోయిన తాతల పేర్లు పెట్టుకోవడం మనకీ అలవాటే. మీ మామగారు కాలం చేసి ఉంటే ఆయన పేరు అడగండి, సంతోషంగా ఒప్పుకుంటారు. మీవారి పేరు పెడదామంటే ఉలిక్కిపడతారు.

నన్ను అడిగితే ఆ మౌనం వెనక స్వస్తిక్ ఒక్కటే లేదు. ప్రపంచం మొత్తం మీద యూదులు ఒకటిన్నర కోటి కంటే కొంచెం ఎక్కువ. మన తెలుగువాళ్ళలో అయిదో వంతు కూడా ఉండరు. 1939లో ఉన్నంతమంది ఇప్పటికీ లేరు. అమెరికాలో 2010 తర్వాత పెళ్ళి చేసుకున్న యూదుల్లో 61 శాతం మంది బయటివాళ్ళని చేసుకున్నారని 2020లో ప్యూ సంస్థ సర్వే చెప్పింది. మన వంశం ఇక్కడితో ఆగిపోతుందా అని ఆ ఇంట్లోనూ ఒక తల్లి రాత్రిళ్ళు మేలుకుని ఉంటుంది. మీకు పట్టుకున్న భయమే ఆవిడదీ. ఆవిడ వెనక పదకొండు మంది ఫోటోల్లాంటివి ఉన్నాయి. వియ్యపురాలితో ఆ భయం గురించి నేరుగా మాట్లాడండి. ఆయనతో కంటే ఆవిడతోనే మీకు తొందరగా కుదురుతుందని నా నమ్మకం.

వాళ్ళు ఎప్పుడైనా తెనాలి వస్తే, గుంటూరు జిల్లాలోనే చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం ఉందని చెప్పండి. అక్కడ తమని బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే కొన్ని తెలుగు కుటుంబాలు ముప్పయ్యేళ్ళకి పైగా యూదు పద్ధతిలో బతుకుతున్నాయి. చిన్న సినగాగు ఉంది, షబ్బాత్ పాటిస్తారు, ఇంట్లో మాట్లాడేది మన తెలుగే. తమని యూదులుగా ఇజ్రాయెల్ ఇంకా గుర్తించలేదన్న బాధ వాళ్ళకుంది. ముందుగా అడిగి, వాళ్ళు రమ్మంటే, అందరూ కలిసి వెళ్ళి రండి. మీ వియ్యంకులకి మన నేల మీద ఒక తెలిసిన గుమ్మం కనిపిస్తుంది.

ఫోన్ చేసే వేళ చూసుకోండి. మనకి శుక్రవారం అర్ధరాత్రి దాటిన దగ్గర్నుంచి ఆదివారం పొద్దున ఏడు దాకా వాళ్ళకి షబ్బాత్ ఉండవచ్చు, అప్పుడు వద్దు. వాళ్ళకి ఆదివారం పొద్దున పది అయ్యేసరికి మనకి రాత్రి ఏడున్నర, చలికాలమైతే ఎనిమిదిన్నర. వచ్చే ఆదివారమే చేయండి. పది రోజులు గడిచిపోయాయి, ఇంకో వారం పోనివ్వకండి. పక్కన మీ పెళ్ళి ఆల్బమ్ పెట్టుకోండి, వీడియోలో చూపించవచ్చు.